ఫహాహీల్ ఆడపడుచు

రక్తపరీక్షకి వచ్చిన మనిషి చెయ్యి చాపి కూచున్నాడు. నేను రబ్బరు పట్టీ బిగిస్తుంటే, "అక్క పోయింది మేడం" అన్నాడు. ఎవరి అక్క అని అడగబోయి ఆగాను. రాయచోటి నుంచి వచ్చి ఇక్కడ కువైట్లో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరుగా పనిచేస్తున్న ఈ మనిషికి తోబుట్టువులెవరూ లేరని నాకు తెలుసు. అతను అక్క అని పిలిచేది ఒక్కరినే. ఆ ఒక్కరూ ఆడమనిషి కాదు.

గుండెపోటట. కోనసీమలో, తమ్ముడి ఇంట్లో, పొద్దున కాఫీ తాగి మళ్ళీ నడుం వాల్చినవాడు లేవలేదట. కబురు వాళ్ళ స్నేహితుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఆ గ్రూపులో అందరికంటే ముందు చేతులు జోడించిన బొమ్మ పెట్టి, ఆత్మకు శాంతి కలగాలని రాసిన మనిషి ఒకప్పుడు నా మొగుడు. డ్రైవరు ఆ సంగతి కూడా చెప్పాడు. చెప్పకుండా ఉంటే బాగుండేదని తనకే తోచినట్టుంది, దూది అదిమి పట్టుకుని తల వంచుకున్నాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఆ మంటలోనే ఇది రాస్తున్నాను.

పేరు రాయను. ఊళ్ళో తమ్ముళ్ళున్నారు, వాళ్ళ పిల్లలకి సంబంధాలు రావాలి. పరువు అన్న మాట బతికున్నన్నాళ్ళూ ఆయన్ని పీక్కు తిన్నది చాలు, పోయాక దానికి నేను కొత్తగా పని కల్పించను. శుక్రవారం, ఇక్కడ సెలవురోజు, ఆయన ఇంటికి వచ్చేవాళ్ళందరూ అక్క అనే పిలిచేవారు. తనని తాను తిట్టుకునేటప్పుడు మాత్రం "నేనొట్టి పిచ్చోణ్ణి" అని మగవాడిలాగే తిట్టుకునేవాడు. అందుకని నేనూ ఆయన అనే రాస్తాను.

ఆయనది ఫహాహీల్లో బస్సులు ఆగే చోటికి దగ్గర్లో ఒక లాండ్రీలో ఇస్త్రీ పని. అరబ్బులు వేసుకునే తెల్లటి పొడుగు అంగీలు, దిష్‌దాషాలు, పొద్దుణ్ణించీ సాయంత్రం దాకా అవే. ఆ పని చేతుల్లోకి ఎంతగా దిగిపోయిందంటే, ఎదురుగా ఎవరున్నా వాళ్ళ బట్టల్లో ముడతలే ఆయనకి ముందు కనపడేవి. మీరు మీ కష్టం చెప్పుకోవడానికి వెళ్ళారనుకోండి, ముందు మీ కాలరు సరిచేసేవాడు, తర్వాత చొక్కా చేతులు కిందికి లాగి, భుజాల మీద అరచేత్తో ఒకసారి రాసి, అప్పుడు "ఇప్పుడు చెప్పు" అనేవాడు. కొందరికి అది నచ్చేది కాదు. మగవాళ్ళని ముట్టుకోవడానికి వంక అని వెక్కిరించేవాళ్ళూ ఉన్నారు. నా చున్నీ కూడా అలాగే సరిచేశాడు కాబట్టి ఆ వెక్కిరింత అబద్ధమని నేను చెప్పగలను.

ఆ లాండ్రీకి రెండు వీధుల అవతల, పాత బిల్డింగులో, రెండు గదుల ఫ్లాట్. వారమంతా అందులో ఆయనా, ఇంకో ఇద్దరు పనివాళ్ళూ నిద్రపోయేవారు. శుక్రవారం పగలు మాత్రం అది వేరే ఇల్లు. మగవాళ్ళని ప్రేమించే మగవాళ్ళు, లోపల ఆడవాళ్ళమని నమ్మే మగవాళ్ళు, కడప నుంచి వచ్చి అరబ్బు ఇళ్ళల్లో పనిచేస్తూ ఒకరి కోసం ఒకరు బతికే ఇద్దరు ఆడవాళ్ళు, అందరూ తెలుగువాళ్ళు, అక్కడికి చేరేవారు. డ్రైవర్లు, వంటవాళ్ళు, ఆయిల్ కంపెనీల్లో గుమాస్తాలు. కారమ్స్ ఆడేవారు. ఒకడు చీర కట్టుకుని మధ్యాహ్నమంతా కూచునేవాడు, ఏమీ చేసేవాడు కాదు, ఊరికే కట్టుకుని కూచునేవాడు. ఇంకొకడు గోళ్ళకి రంగు వేసుకుని, సాయంత్రం ఎవరో "యల్లా, టైమైంది" అనగానే తుడిచేసుకునేవాడు. వెళ్ళేటప్పుడు మెట్ల మీద ఆ రంగు తుడిచే మందు వాసన వచ్చేది. ఇదంతా బయటపడితే ఈ దేశంలో ఏమవుతుందో వాళ్ళందరికీ తెలుసు. పోలీసులు, లోపల వెయ్యడం, ఆ తర్వాత ఊరికి విమానం. ఊళ్ళో అంతకంటే పెద్ద శిక్ష ఉంటుంది.

ఆ ఇంట్లో ఆయన పెట్టిన నియమం ఒక్కటే, ఎవరూ నిలబడి తినకూడదు. వారమంతా వీళ్ళు అరబ్బుల వంటిళ్ళలో, కారు పక్కన, మెట్ల కింద నిలబడే మింగుతారని ఆయన బాధ. పొద్దున్నే కువైట్ సిటీలో షర్క్ అనే చోట ఉన్న చేపల మార్కెట్‌కి పోయి, అమ్మేవాడితో వచ్చీరాని అరబ్బీలో పోట్లాడి, చేప తెచ్చి పులుసు పెట్టేవాడు. ఉప్పు సముద్రం చేపకి గోదావరి రుచి ఎక్కడిదని ప్రతివారం సణిగేవాడు, ప్రతివారం పులుసు అద్భుతంగా ఉండేది. నేల మీద ప్లాస్టిక్ షీటు పరిచి, అందరినీ కూచోబెట్టి, ఎవడైనా పళ్ళెం పట్టుకుని గోడకి ఆనుకుంటే గరిటెతో వెంటపడేవాడు.

ఇక అసలు సంగతి. ఆ గుంపులో ఎవరికైనా ఊళ్ళో పెళ్ళి కుదిరితే, కుదరడమేముంది, కుదిర్చేస్తారు, విమానం ఎక్కేముందు శుక్రవారం ఆయన వాణ్ణి పెళ్ళికొడుకుని చేసేవాడు. హాల్లో పీట వేసి, నువ్వుల నూనె రాసి, నలుగు పెట్టి, నీళ్ళు పోసి, కొత్త బట్టలు కట్టి, బుగ్గన చుక్క పెట్టి హారతి ఇచ్చేవాడు. ఇంట్లో ఆడపడుచు ఏమేం చేస్తుందో అవన్నీ ఆయనే చేసేవాడు. ఆ కాసేపూ ఏడుపులు, నవ్వులు, పాటలు. నలుగు చేతిలోకి తీసుకునే ముందు మాత్రం పెళ్ళికొడుకు మొహంలోకి చూసి ఒక ప్రశ్న అడిగేవాడట, "పిల్లకి చెప్పేవా?" అని. వాడు "చెప్తాలే అక్కా" అనేవాడట. ఒక్కడూ చెప్పలేదు. ఆ మాట ఆయనకీ తెలుసు. తెలిసీ నలుగు పెట్టేవాడు. ఆయన మీద నా కోపం ఇక్కడుంది, అది ఆయన పోయినా పోలేదు.

నా మొగుడు మాత్రం ఆ ప్రశ్నకి కొత్త జవాబు చెప్పాడు. "చెప్పినాక్కా. ఆ పాప ఒప్పుకునింది" అన్నాడట. హాల్లో కారమ్స్ ఆట ఆగిపోయిందని డ్రైవరు తర్వాత నాతో చెప్పాడు. ఆయన నలుగు గిన్నె పక్కన పెట్టి, పెళ్ళికొడుకుని కావలించుకుని ఏడ్చాడట. ఇన్నాళ్ళకి ఒక్కడైనా మనిషి పుట్టాడని అందరితో అన్నాడట. నా మొగుడు ఎందుకు అలా చెప్పాడో నేను చాలాసార్లు ఆలోచించాను. ఆ పీట మీద కూచుని, అంత ప్రేమగా నూనె రాయించుకుంటూ, ఆ ఒక్క పూట మంచివాడు అనిపించుకోవాలన్న ఆశ. అంతకు మించి ఏమీ లేదు. దానికి ఖర్చయింది నేను.

మా పెళ్ళి రాజంపేట దగ్గర మా ఊళ్ళోనే జరిగింది. పెళ్ళయ్యాక మా ఆయనగారు సెలవున్నన్నాళ్ళూ చుట్టాలన్నాడు, అలసటన్నాడు, ఎండలన్నాడు. మంచి మనిషి, తొందరపెట్టడం లేదని మా అమ్మ మురిసిపోయింది. వీసా వచ్చాక నేను ఫహాహీల్‌కి దగ్గర్లో ఉన్న ఫింటాస్‌లో అతని ఫ్లాట్‌కి వచ్చాను. అక్కడ కూడా పొద్దున ఆఫీసు, సాయంత్రం తలనొప్పి. వచ్చిన మొదటి శుక్రవారం, ఫహాహీల్లో ఒకాయన మనల్ని భోజనానికి పిలిచాడు, రాకపోతే ఊరుకోడు, అతను కొంచెం ఆడంగి మాటలు మాట్లాడతాడు, నవ్వేసి ఊరుకో అని చెప్పి తీసుకెళ్ళాడు. నన్ను పక్కన కూచోబెట్టుకుని, ఎవరితోనూ ఒంటరిగా వదలకుండా, తిని లేచి వచ్చేద్దామనుకున్నాడు. లెక్కంతా సరిగ్గానే వేసుకున్నాడు, వంటింటి సంగతి మర్చిపోయాడు. మా మగవాళ్ళకి వంటింట్లో ఏం మాట్లాడుకుంటారో ఎప్పుడు తెలిసింది గనక.

గుమ్మం దగ్గరే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. పొట్టిగా, నున్నగా దువ్విన తల, ఇస్త్రీ మడత కత్తిలా ఉన్న లుంగీ. పేర్లు చెప్పకుండా లోపలికి పంపేది లేదన్నాడు. కొత్తగా పెళ్ళైనవాళ్ళని గడప దగ్గర ఆపి మొగుడి పేరు పెళ్ళాం చేతా, పెళ్ళాం పేరు మొగుడి చేతా చెప్పించడం మా వైపూ ఉంది, అలా ఆపే మొగుడి తోబుట్టువుని మేం ఆడబిడ్డ అంటాం, కోనసీమవాళ్ళు ఆడపడుచు అంటారు. సొంత ఆడబిడ్డలు లేని ఇంట్లో పడ్డాను కాబట్టి నాకు పెళ్ళప్పుడు ఆ ముచ్చట జరగలేదు. ఫహాహీల్లో, పాత బిల్డింగు మూడో అంతస్తులో, ముక్కూ మొహం తెలియని మనిషి ముందు సిగ్గుపడుతూ మొగుడి పేరు చెప్పాను. లోపల అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పూట నాకు నిజంగా సంతోషమేసింది. ఆ సంతోషం గుర్తొస్తే ఇప్పటికీ చిరాకు.

భోజనాల మధ్యలో పులుసు అయిపోతే నేను గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. ఆయన నా వెనకే వచ్చాడు. గిన్నె అందుకుని పక్కన పెట్టి, నా చున్నీ భుజం మీద సరిచేసి, రెండు చేతులూ జోడించాడు.

"నీకు దణ్ణవమ్మా. ఎంతమందికి నలుగు పెట్టేనో ఈ చేతుల్తో. ఒక్కడంటే ఒక్కడు పిల్లకి చెప్పి చేసుకోలేదు. నీ మొగుడొక్కడే చెప్పేడు. నువ్వొక్కదానివే అన్నీ తెలిసి, ఇష్టపడి వచ్చేవు."

ఏం తెలిసి అని అడిగాను. నేను సిగ్గుపడుతున్నాననుకున్నాడు. ఇక్కడ సిగ్గెందుకని, హాల్లో నీలం చొక్కా వేసుకున్న మనిషిని చూపించి, గొంతు తగ్గించి, "అతనూ మంచోడేనమ్మా. నిన్నేం ఇబ్బంది పెట్టడు. ఇద్దరూ ఎప్పట్నించో ఉన్నారు, నీకు తెలిసిందేగా" అన్నాడు. నేను తలుపు సందులోంచి చూశాను. నా మొగుడు నీలం చొక్కా పక్కన కూచుని, చేప ముక్కలోంచి ముళ్ళు ఏరి అతని పళ్ళెంలో పెడుతున్నాడు. అలవాటైన చేతులతో, చూడకుండానే పెడుతున్నాడు. పెళ్ళయినప్పటి నుంచీ నేను తిన్నానో లేదో కూడా అడగని మనిషి.

నా మొహం చూసి ఆయనకి అర్థమైంది. "చెప్పలేదా?" అన్నాడు. స్టవ్ ఆపేశాడు. నేల మీద కూలబడి, తల పట్టుకుని, "నన్ను కూడా మోసం చేసేడమ్మా" అన్నాడు. అంత దుఃఖంలోనూ నాకు విసుగేసింది. ఈయనకి జరిగిందేమిటి, నాకు జరిగిందేమిటి అనుకున్నాను. తర్వాత జరిగింది చూశాక ఆ లెక్క తారుమారైంది.

ఇంటికొస్తూ కారులో అడిగితే నా మొగుడు నవ్వాడు. అతనికి పిచ్చి, కొత్త జంటల మధ్య పుల్లలు పెట్టడం అతని సరదా అన్నాడు. నాలుగు రోజులు పోయాక కోప్పడ్డాడు. ఆ తర్వాత మా నాన్నకి ఫోన్ చేసి, మీ అమ్మాయికి మతి సరిగా లేదు, పెళ్ళికి ముందు ఎవరితోనో ఉండి ఇప్పుడు నా మీద నిందలు వేస్తోందని చెప్పాడు. మా నాన్న నమ్మాడు. తండ్రులు అల్లుళ్ళని ఎంత తేలిగ్గా నమ్ముతారో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. కువైట్లోనే ఉన్న మా చిన్నమామ, అమ్మ తమ్ముడు, ఫింటాస్‌లో ఒక పెద్దమనిషి ఇంట్లో పంచాయితీ పెట్టించాడు. అక్కడ నా మాట నిలబడకపోతే చెడిపోయినదాన్ననో పిచ్చిదాన్ననో పేరు పెట్టి ఊరికి పంపేస్తారు, ఆ పేరుతోనే బతకాలి. నా మాటకి సాక్ష్యం చెప్పగలిగిన మనిషి ఒక్కడే.

లాండ్రీకి ఫోన్ చేశాను. వెనక ఆవిరి చప్పుడు. "నేన్నోరు విప్పితే ఈ ఇల్లుండదమ్మా" అన్నాడు. ఆలోచించి చెప్తానన్నాడు.

ఆ శుక్రవారం ఆయన గుంపులో అందరినీ అడిగాడట. అందరూ వద్దన్నారు. డ్రైవరు దాచకుండా చెప్పాడు, తనూ వద్దనే అన్నానని. ఆ పిల్ల ఊరికి పోతుంది, చిన్న వయసు, ఇంకో పెళ్ళి చేస్తారు, మనం ఇక్కడ బతకాలి అన్నారట. నీలం చొక్కా కాళ్ళ మీద పడ్డాడట. నా మొగుడు ఆ వారం రాలేదు. వాళ్ళ భయం నాకు అర్థం కాకపోలేదు. ఇఖామా, ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి, పోతే అప్పులు మిగులుతాయి, ఊళ్ళో తలెత్తుకోలేరు, లోపల వేస్తే ఏమవుతుందో ఎవరికీ తెలీదు. అర్థమైంది కదా అని క్షమించాలని ఎక్కడా లేదు. నా బతుకు వాళ్ళు ఆ ప్లాస్టిక్ షీటు మీద కూచుని, కడుపునిండా తిని, తేల్చేశారు.

పంచాయితీకి ఆయన వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, ఎక్కడా ముడత లేదు. పెద్దమనిషి కుర్చీ చూపించి కూచోమన్నాడు, టీ ఇప్పించాడు. నా మొగుడు సోఫాలో కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. ఆయన కుర్చీలో కూచోలేదు.

"అబ్బాయి పిల్లకి చెప్పేనన్నాడండి. నమ్మి పెళ్ళికొడుకుని చేసేను. అంచేత పిల్లకి తెలుసు కదాని నేనే మాట్లాడేసేను. పిల్లది ఇందులో ఏ తప్పూ లేదండి. ఆవిడ చెప్పింది నిజవండి."

ఏది నిజం, నీకెలా తెలుసు అని పెద్దమనిషి అడిగాడు.

"నేనూ అలాంటోణ్ణేనండి. అందుకని తెలుసు."

పెద్దమనిషి భార్య పిల్లల్ని లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపేసింది. మా చిన్నమామ కిటికీలోంచి సముద్రం వైపు చూడటం మొదలుపెట్టాడు. టీ ఇచ్చినావిడ ఆ కప్పుని ఏం చేసిందో నాకు తెలీదు, మళ్ళీ ఆ ఇంటికి నేను పోలేదు. నా మొగుడు లేచి, ఇట్లాంటోడి మాట పట్టుకుని నన్ను నిలదీస్తారా అన్నాడు. ఆయన అతని దగ్గరికి నడిచాడు. కొడతాడేమోనని మామ లేచాడు. ఆయన కొట్టలేదు. నా మొగుడి కాలరు సరిచేశాడు, భుజం మీద అరచేత్తో రాశాడు, "నీ మీద కోపం లేదురా. పిల్లనొదిలెయ్" అన్నాడు. నా మొగుడు ఆ చెయ్యి విదిలించుకుని ఏడ్చేశాడు. ఆ ఏడుపుతో పంచాయితీ తేలిపోయింది.

ఆ తర్వాత పెద్దమనిషి ఒకే ప్రశ్న తిప్పి తిప్పి అడిగాడు, ఇంకెవరెవరు వస్తారు ఆ ఇంటికి అని. నీలం చొక్కా పేరు నాకూ తెలుసు, నోటి చివరదాకా వచ్చింది. ఆయన నా వైపు చూశాడు. "ఎవరూ రారండి. నేనొక్కణ్ణే" అన్నాడు. అంతకుముందు శుక్రవారమే వీళ్ళందరూ వద్దన్నారని, అయినా వాళ్ళ కోసం అలా నిలబడ్డాడని నాకు అప్పుడు తెలీదు.

కిందికి దిగేటప్పుడు లిఫ్ట్‌లో నలుగురికి చోటుంది. మామా నేనూ ఎక్కాం. ఆయన ఎక్కబోతుంటే మామ బటన్ నొక్కేశాడు. తలుపులు మూసుకున్నాక, "మంచి పనే చేసినాడు పాపా, కాదనను. అట్లాంటోళ్ళతో మనకు పొత్తు వద్దు" అన్నాడు. ఊళ్ళో మావాళ్ళు ఈ పెళ్ళి ఎందుకు చెడిందో చెప్పడానికి ఒక కథ తయారుచేసుకున్నారు, అల్లుడు తాగుబోతని. జన్మలో మందు ముట్టని మనిషిని తాగుబోతుని చేశారు, నిజం చెప్పిన మనిషిని అసలు లేకుండా చేశారు.

లాండ్రీ యజమాని, ఆయనకి వీసా పూచీ ఉన్న కఫీల్, చెవిన ఎవరు వేశారో నాకు తెలీదు. తెలిస్తే ఇక్కడ రాసేదాన్నే. పని పోయింది, ఇఖామా రద్దు చేయించాడు. కఫీల్ ఒక్క మాటే అన్నాడట, ఖలాస్, అయిపోయింది అని. పోలీసుల దాకా పోకపోవడమే దయ అని అందరూ అన్నారు. శుక్రవారం వచ్చేవాళ్ళు అప్పటికే రావడం మానేశారు. పళ్ళేలూ, కారమ్స్ బోర్డూ, నలుగు పీటా ఎవరో వచ్చి పట్టుకుపోయారు, ఆయన్ని పలకరించకుండానే. విమానాశ్రయానికి ఒక్కడు కూడా పోలేదు. నేను మామ ఇంట్లో ఉన్నాను, గౌరవంగా, గది దాటనివ్వకుండా.

నేను ఊరికి పోయి విడాకులు తీసుకున్నాక ఆయనకి ఒకసారి ఫోన్ చేసి మాట్లాడాను. అప్పటికి నా కోపం పచ్చిగా ఉంది. మీరు నలుగు పెట్టి పంపినవాళ్ళ పెళ్ళాలందరూ ఇవాళ ఎలా ఉన్నారో ఎప్పుడైనా ఆలోచించారా అని అడిగాను. నేనొక్కదాన్నే బయటపడ్డాను, మిగతావాళ్ళు ఇప్పటికీ తమలోనే ఏదో లోపముందని ఏడుస్తూ ఉంటారన్నాను. ఆయన ఏ వంకా చెప్పలేదు. ఆలోచిస్తాననీ, పేర్లు తెలీదు గానీ ఆ పిల్లల మొహాలు ఊహించుకుంటాననీ అన్నాడు. మరెందుకు చేశారని గట్టిగా అడిగితే, "అది పెళ్ళికొడుకుని చెయ్యడం కాదమ్మా. అప్పగింతలు. ఆ తర్వాత మాకు వాడు దక్కడు. ఇంటికొచ్చినా పాత మనిషి కాడు" అన్నాడు. నాకు జాలేసింది, కోపం మాత్రం తగ్గలేదు. రెండూ ఒకేసారి మోశాను, ఇప్పటికీ మోస్తున్నాను.

తర్వాత నా ల్యాబ్ టెక్నీషియన్ సర్టిఫికెట్లతో, సొంత వీసా మీద, మళ్ళీ కువైట్ వచ్చాను. ఫహాహీల్లోనే ఒక క్లినిక్‌లో పని. డ్రైవరుకి షుగరుంది, రక్తపరీక్షకి మా దగ్గరికే వస్తాడు, అప్పుడప్పుడూ కబుర్లు చెప్తాడు. నా పాత మొగుడు ఇంకో పెళ్ళి చేసుకున్నాడని అతని ద్వారానే తెలిసింది. ఆ అమ్మాయిని, పుట్టిన బిడ్డనీ ఊళ్ళోనే ఉంచాడట. తెలుగువాళ్ళ పండగ సభల్లో వేదిక మీద కూచుంటాడు, దీపాలు వెలిగిస్తాడు. శుక్రవారం మాత్రం అందరూ మళ్ళీ కలుస్తున్నారట. ఎక్కడ అని అడిగితే డ్రైవరు నసిగాడు. ఫింటాస్‌లో, నేను కాపురానికి వచ్చిన ఆ ఫ్లాట్‌లోనే. నా మొగుడే ఇప్పుడు ఇల్లు నడుపుతున్నాడు. వంట బయటనుంచి తెప్పిస్తారట. "వారమంతా అరబ్బోళ్ళ ఇంటెనక గదిలో పడుంటాను మేడం, యాడికో ఒకచోటికి పోవాల గదా" అన్నాడు డ్రైవరు. అన్నీ మళ్ళీ కుదురుకున్నాయి, ఒక్క మనిషి తప్ప. ఇక్కణ్ణించి వెళ్ళిపోయిన ఆ మనిషికి ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఫోన్ చేశారా అని అడిగాను. చొక్కా చెయ్యి కిందికి దింపుకుని బొత్తాం పెట్టుకున్నాడు.

ఆ సంగతి తెలిసిన తర్వాతే నేను ఆయనతో చివరిసారి మాట్లాడాను. గొంతు నీరసంగా ఉంది. తమ్ముడి ఇంట్లో వెనక గది ఇచ్చారన్నాడు, చేపలు బాగా దొరుకుతున్నాయన్నాడు, వండితే తినేవాళ్ళే లేరన్నాడు. ఇక్కడ నా ఉద్యోగం, నా గది, నా జీతం అన్నీ చెప్పాను. మీ వల్లే నాకీ బతుకు దక్కిందన్నాను. మనసారా అన్నాను. సంతోషం అన్నాడు, ఆ మాటని అక్కడే వదిలేశాడు. నా బతుకు గురించి వినడానికి ఆయన ఫోన్ ఎత్తలేదని నాకు అర్థమైంది. కాసేపు అటూ ఇటూ మాట్లాడి, ఏమీ పట్టనట్టు అడిగాడు.

"శుక్రవారం ఇప్పుడు ఎక్కడ కలుస్తున్నారమ్మా వాళ్ళు?"

నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఆయన్ని వెళ్ళగొట్టి, ఆ మోసగాడి ఇంట్లో కూచుని నవ్వుకుంటున్నారని ఎలా చెప్పను. వాళ్ళూ నష్టపోయారని వింటే కాస్త ఊరట కలుగుతుందనుకున్నాను. ఎక్కడా కలవడం లేదండీ, మీరు పోయాక అంతా చెదిరిపోయారు, ఎవరి గదుల్లో వాళ్ళే ఉంటున్నారు అని చెప్పాను.

అవతల మంచం కిర్రుమంది, లేచి కూచున్నట్టున్నాడు.

"అయ్యో" అన్నాడు. "మరి వాళ్ళెక్కడ కూచుని తింటారమ్మా?"